సేమియా పోగంత ముక్క

తలుపు తీయగానే ఫార్మలిన్ ఘాటు కళ్ళకు కొడుతుంది. నిమిషం ఓర్చుకుంటే ముక్కు సర్దుకుంటుంది. హైదరాబాదులో ఒక పాథాలజీ ల్యాబు, రెండో అంతస్తు, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నర. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు. మీరు తెల్లకోటు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారన నిలబడండి. ఇక్కడ దేన్నీ ముట్టుకోకూడదు.

బల్ల మీద బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా ఉంది. టెక్నీషియన్ దాన్ని లైటుకు ఎదురుగా పట్టి అటూ ఇటూ తిప్పుతాడు. నీళ్ళలాంటి ద్రవం అడుగున మూడు పోగులు కదులుతాయి. విరిగిన సేమియా ముక్కల్లా, తెల్లగా, అక్కడక్కడ నెత్తురు చారతో. ఒక్కోటి సెంటీమీటరు పైచిలుకు పొడవు. ఒకామె కుడి ఊపిరితిత్తిలోకి, సీటీ స్కాన్‌లో చూసుకుంటూ సూది దించి, నిన్న మధ్యాహ్నం తీసినవి.

డబ్బాతో పాటు వచ్చిన కాగితం చదవండి. స్త్రీ, 47 ఏళ్ళు, ఉపాధ్యాయురాలు. పొగ అలవాటు లేదు. ఆరు నెలలుగా దగ్గు. నాలుగు నెలలు టీబీ మందులు వాడారు.

ఆ చివరి మాట దగ్గర కళ్ళు ఆగుతాయి. ఆగాలి కూడా. మన దేశంలో ఛాతీ ఎక్స్‌రేలో తెల్లమచ్చ కనబడితే ముందు తోచేది టీబీయే. టీబీ అంత ఎక్కువ కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. కళ్ళెలో క్రిమి దొరక్కపోయినా, మాత్రలు మొదలెట్టి రెండు నెలలైనా మచ్చ తగ్గకపోయినా, ముక్క తీసి చూడకుండా అవే మాత్రలు మింగించడమే తప్పు. ఆ నాలుగు నెలల్లో గడ్డ ఊరికే కూర్చోదు.

"ఎన్ని పోగులన్నా?" అంటూ పాథాలజిస్టు లోపలికి వస్తారు. యాభై ఏళ్ళుంటాయి, మెడలో కళ్ళద్దాల తాడు.

"మూడు, మేడమ్. ఒకటి బాగా సన్నగా ఉంది."

"అన్నీ ఒకే క్యాసెట్‌లో వేయకండి. రెండు దీంట్లో, ఒకటి దాంట్లో."

ఈ మాట ఇప్పటికి మామూలుగానే వినబడుతుంది. గుర్తుపెట్టుకోండి. టెక్నీషియన్ పోగుల మీద ఎర్రరంగు చుక్క వేస్తాడు, రేపు మైనంలో కనబడకుండా పోతాయని. పలచటి కాగితంలో పొట్లం కట్టి, జల్లెడలాంటి చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి నెంబరు రాస్తాడు. పేరు లేదు. ఇకనుంచి ఆమె ఒక నెంబరు.

పక్కనే ఇంకో సీసా. ఇందులో ద్రవం కొంచెం మబ్బుగా ఉంది. పురుషుడు, 64 ఏళ్ళు, నలభై ఏళ్ళుగా బీడీలు. జిల్లా నుంచి కొడుకు రాత్రి బస్సులో తెచ్చాడు. టెక్నీషియన్ మూత తీసి వాసన చూసి, మేడమ్ వైపు చూస్తాడు.

"సెలైన్, మేడమ్."

ఆవిడ ఏమీ అనరు. పెదవి బిగిస్తారు, అంతే.

ఫార్మలిన్ చేసే పని పూలను దారంతో కట్టడం లాంటిది. కణంలోని ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేసి, ఉన్నవి ఉన్నచోటే నిలబెడుతుంది. ముడి పడడానికి కనీసం 6 గంటలు కావాలి. 72 గంటలు దాటితే ముడులు మరీ బిగిసిపోయి తర్వాత విప్పడం కష్టం. ఈ గదిలో పనిచేసే అందరికీ ఆ రెండు అంకెలూ నోటికి వచ్చు. సెలైన్ అంటే ఉప్పునీరే, అందులో ముడి పడదు. ఒంట్లోంచి విడివడ్డ ముక్క తన ఎంజైములతో తనే కరగడం మొదలెడుతుంది, ఎండాకాలం గట్టు మీద మరిచిపోయిన పాలలాగా. ఆ కొడుకు రాత్రంతా సీసాను ఒళ్ళో పెట్టుకుని జాగ్రత్తగా తెచ్చి ఉంటాడు. ముక్క తీసిన చోట ఏ ద్రవంలో వేయాలో చూసుకోవలసినవాళ్ళు చూసుకోలేదు.

రాత్రంతా యంత్రం పని. ముక్కలోని నీటిని ఆల్కహాలు లాగేస్తుంది, ఆల్కహాలును జైలీన్ తోసేస్తుంది, జైలీన్ ఉన్నచోట కరిగిన మైనం నిండుతుంది. తెల్లారేసరికి ఆ పోగులు అగ్గిపెట్టెలో సగముండే మైనపు దిమ్మలో ఇరుక్కుని ఉంటాయి. దీన్నే బ్లాకు అంటారు.

బుధవారం. మైక్రోటోమ్ గదిలోకి రండి, కానీ మెల్లగా. ఫ్యాను ఆపేశారు. ఇక్కడ పని జరుగుతుంటే గట్టిగా ఊపిరి కూడా వదలరు.

ఇరవై ఏళ్ళుగా ఈ యంత్రం ముందే కూర్చుంటున్న ఆవిడ, మంచు పలక మీద చల్లబడ్డ బ్లాకును తీసి బిగిస్తుంది. పిడి తిప్పుతుంటే కుట్టుమిషను గుర్తొస్తుంది. బ్లాకు కిందికీ పైకీ ఆడుతుంది, బ్లేడు మైనాన్ని చెక్కుతుంది. మొదటి పొరలు వట్టి మైనం. పోగు తగిలిన క్షణం ఆవిడకు చేతిలోనే తెలిసిపోతుంది. పిడి ఆపి, దళసరి సర్దుతుంది. 4 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో దాదాపు పదిహేనో వంతు.

ఇప్పుడు వచ్చే పొరలు ఒకదాని కొస ఒకటి పట్టుకుని రిబ్బన్‌లా దిగుతాయి. బ్రష్షు కొసతో ఎత్తి గోరువెచ్చటి నీటి తొట్టెలో వదులుతుంది. నీటి మీద ఆ పొర ముడతలు విప్పుకుని సాఫీగా పరుచుకుంటుంది. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీయడం చూసినవాళ్ళకు ఈ చేతివాటం అర్థమవుతుంది. ఒక్క తడబాటుకు చిరుగుతుంది, చిరిగితే పనికిరాదు. గాజు స్లైడును నీటిలోకి వాలుగా దించి, పొర కిందినుంచి ఎత్తుతుంది. పొర గాజుకు అంటుకుంటుంది. అందులో ఆ టీచరమ్మ ఊపిరితిత్తి, సిరాచుక్క ఆరిపోయినంత మరకగా.

ఒకటి. రెండు. మూడు. ఆవిడ ఆపదు. వరసగా తొమ్మిది స్లైడ్లు.

"ఇప్పుడు చూసేది ఒక్కటే కదండీ, ఇన్నెందుకు?" అని మీరడుగుతారు.

"ఇప్పుడు ఒకటి కోసి బ్లాకు తీసి పక్కన పెట్టామనుకోండి. రేపు మేడమ్ ఇంకో టెస్టు రాస్తే మళ్ళీ బిగించాలి. బిగించిన ప్రతిసారీ ముఖం సరిచేయడానికి కొంత చెక్కాలి. ఆ చెక్కింది చెత్తబుట్టలోకే పోతుంది. అది కూడా మనిషేనండీ."

ఆఖరి మాట ఆవిడ తల ఎత్తకుండానే అంది. మిల్లీమీటరు మందం పోగుకు కాగితం మీద లెక్క వేస్తే 250 పొరలు రావాలి. చెక్కుడులో పోయేవి, మైనంలో ఏటవాలుగా కూర్చోవడం వల్ల దక్కనివి, చిరిగేవి తీసేస్తే చేతికొచ్చేవి కొన్నే. పేదింటి బియ్యపు డబ్బాలా కొలిచి తీయాలి.

మధ్యాహ్నానికి మొదటి స్లైడుకు గులాబీ, ఊదా రంగులు పడ్డాయి. మేడమ్ గదిలో ఇద్దరు కలిసి చూసే మైక్రోస్కోపు ఉంది. అటువైపు కుర్చీలో మీరు కూర్చోండి. కంటికి అద్దం ఆనించండి.

ముందు కనబడేది ఆరోగ్యంగా ఉన్న భాగం. పలచటి గోడలు, మధ్యలో ఖాళీలు, లేసు అల్లికలా. ఊపిరి నిలిచే చోట్లవి. ఆవిడ స్లైడును వేలితో నెడతారు. అల్లిక తెగిపోతుంది. ఊదా కేంద్రకాలు పెద్దవై, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపుగా ఉన్నాయి. కొన్నిచోట్ల వలయం కట్టబోయి సగంలో మరిచిపోయినట్టున్నాయి.

"క్యాన్సర్ అని చెప్పడానికి ఈ ఒక్కటి చాలు," అంటారు ఆవిడ. "ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో చెప్పడానికి చాలదు. మా ప్రొఫెసర్ల కాలంలో ఇక్కడితో ఆపి 'నాన్ స్మాల్ సెల్' అని రాసి పంపేవారు. మందులూ అందరికీ ఒకటే. ఇప్పుడు అలా రాస్తే సగం రిపోర్టు."

ఆ కాలం ఎలా ఉండేదో ఒక్క అంకె చాలు. అమెరికాలో 1155 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు నాలుగు రకాల కీమో జంటలు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2002లో వెలువడింది. ఏ జంట ఇచ్చినా ఒకటే. సగంమంది 7.9 నెలలు దాటలేదు. ఏడాదికి మిగిలినవాళ్ళు మూడో వంతు.

మేడమ్ కాగితం మీద రెండే రాస్తారు. టీటీఎఫ్-1, పి40. పది టెస్టుల పెద్ద జాబితా రాయరు. పొదుపు.

గురువారం ఆ రెండు స్లైడ్లు రంగుల యంత్రంలోకి వెళ్తాయి. ముందు ఒక ద్రావణంలో దాదాపు మరిగే వేడిలో ఉంచి, ఫార్మలిన్ బిగించిన ముడులను వదులు చేస్తారు. అప్పుడు యాంటీబాడీ చుక్క పడుతుంది. అది ఒకే ఒక్క ప్రోటీన్‌ను వెతికి పట్టుకునేలా తయారుచేసింది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఇలాంటి యాంటీబాడీలను ఒకే అచ్చులో ఎంతకాలమైనా తయారుచేసే దారి కనిపెట్టారు. 1984లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ప్రపంచంలో ఏ మూల పాథాలజీ గదిలోనైనా రోజూ ఆ పనే అక్కరకొస్తోంది. యాంటీబాడీ వెళ్ళి అతుక్కున్నచోట ఇంకో ఎంజైము చేరి, రంగు మందును గోధుమరంగు మరకగా మారుస్తుంది. చిక్కటి కాఫీ డికాషన్ రంగు. వెతికిన ప్రోటీన్ లేనిచోట లేత నీలమే మిగులుతుంది.

సాయంత్రం మళ్ళీ కంటికి అద్దం. పి40 స్లైడు మొత్తం నీలం. అంటే స్క్వామస్ అనే రకం కాదు. టీటీఎఫ్-1 స్లైడు పెట్టగానే మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుంపులో ప్రతి కేంద్రకం గోధుమరంగు చుక్కే, నల్లమిరియాలు చల్లినట్టు.

టీటీఎఫ్-1ను మొదట థైరాయిడ్‌లో గుర్తించారు కాబట్టి ఆ పేరు. గాలి గదులు ముడుచుకుపోకుండా ఊపిరితిత్తి ఒక పలచటి పూత తయారుచేసుకుంటుంది, ఆ జన్యువులను నడిపించే ప్రోటీన్ ఇది. కణం క్యాన్సర్‌గా మారినా ఈ గుర్తు వదులుకోలేదంటే అది ఊపిరితిత్తిలోనే పుట్టిన అడినోకార్సినోమా అని గట్టి ఆధారం. ఇంకో సంగతి కూడా చాలా అధ్యయనాల్లో తేలింది. ఈ రకం క్యాన్సర్‌లో టీటీఎఫ్-1 నిలుపుకున్న గడ్డలున్నవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళ కంటే సగటున ఎక్కువకాలం బతుకుతారు. తల్లి పోలిక పోని కణం అంత మొండికేయదు, అనుకోవచ్చు.

రకం తేలడం మందును కూడా మారుస్తుంది. కీమోలో పెమెట్రెక్సెడ్ అనే మందు అడినోకార్సినోమాకు పనిచేస్తుంది, స్క్వామస్‌కు చేయదు. ఆ మందు అడ్డుకునే థైమిడిలేట్ సింథేజ్ అనే ప్రోటీన్ స్క్వామస్ గడ్డల్లో ఎక్కువగా ఉండడం అందుకు ఒక కారణమంటారు. ఇక్కడ మన భీమవరం బిడ్డను తలుచుకోకుండా ముందుకు పోలేను. పెమెట్రెక్సెడ్ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందుల కుటుంబంలోది. ఆ కుటుంబానికి పెద్దదైన అమినోప్టెరిన్ అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారై, 1947లో బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు అందింది. పెమెట్రెక్సెడ్ ఎక్కించుకునే రోగికి దుష్ఫలితాలు తగ్గడానికి రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిందీ ఆయన బృందమే.

"ఇంక ఆల్క్, పీడీ-ఎల్1 పెట్టండి. మిగిలిన స్లైడ్లు ఈజీఎఫ్ఆర్‌కి పంపండి," అంటారు మేడమ్. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందా అని చూసేది డీఎన్ఏలో. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఆ మార్పు కనబడుతుంది. కనబడితే కీమో బదులు మాత్రలు. ఆ డీఎన్ఏ కూడా ఇదే ముక్కలోంచి రావాలి. మంగళవారం పోగులను రెండు పెట్టెల్లో ఎందుకు విడదీయించారో ఇప్పుడు తెలుస్తోంది. ఒకటి రకం తేల్చడానికి ఖర్చయింది, రెండోది ముట్టుకోకుండా ఉంది.

రంగు ఆరేలోపు ఆవిడ ఒక పాత సంగతి చెబుతారు, గొంతు తగ్గించి. ప్రోటీన్ గుర్తుల గురించి రాసేవాళ్ళందరూ ఈ కథ చెప్పాలని నా అభిప్రాయం. 2006లో పారిస్ దగ్గర విల్‌జ్విఫ్ పరిశోధకులు 761 మంది ఆపరేషన్ అయిన రోగుల గడ్డలను ఈఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ కోసం పరీక్షించారు. సిస్‌ప్లాటిన్ చేసే గాయాన్ని కణం ఈ ప్రోటీన్‌తో బాగుచేసుకుంటుంది. అది లేని గడ్డలున్నవాళ్ళకే కీమో మేలు చేసిందని ఫలితం వచ్చింది. ఎంత చక్కటి తర్కం! రంగు రాకపోతే కీమో ఇవ్వండి, వస్తే మానండి. ప్రపంచమంతా ఎదురుచూసింది. 2013లో అదే బృందం ముందుకొచ్చి, మా ఫలితాన్ని మళ్ళీ రాబట్టలేకపోయాం అని ప్రకటించింది. అదే యాంటీబాడీ, కానీ కొత్తగా వచ్చిన బ్యాచి పాతదానిలా రంగు వేయలేదు. ఆ ప్రోటీన్‌కు నాలుగు రూపాలు, పనిచేసేది ఒక్కటే. బజారులో దొరికే 16 యాంటీబాడీలు పరీక్షిస్తే, ఆ ఒక్కదాన్ని వేరుచేసి చూపగలిగింది ఒక్కటీ లేదు.

తమ పేరు తెచ్చిన ఫలితాన్ని తామే వెనక్కి తీసుకోవడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. ఆ రోజు నుంచి నేను ప్రతి స్లైడులో ముందు కంట్రోల్ ముక్క చూస్తాను, తర్వాతే రోగి ముక్క చూస్తాను, అంటారు మేడమ్.

శుక్రవారం మీరు చూసేది సరిగ్గా అదే. ఆల్క్ స్లైడు మీద రెండు ముక్కలున్నాయి. ఒకటి టీచరమ్మది. రెండోది ఇంకెవరిదో అపెండిక్స్. అపెండిక్స్ గోడలోని నరాల కణాల్లో ఆల్క్ సహజంగా ఉంటుంది. అవి గోధుమరంగులోకి మారితేనే ఈ రోజు యంత్రం, మందు, నీళ్ళు అన్నీ సరిగా పనిచేసినట్టు. మేడమ్ ముందు అక్కడికే వెళ్తారు. మారాయి. ఇప్పుడు స్లైడును ఎడమకు నెడతారు.

గదిలో కాసేపు మాట లేదు.

కణాల ఒళ్ళంతా ముదురు గోధుమ రంగు, సన్నటి రవ్వలా. నీలం కోసం వెతకాలి.

పెద్దవాళ్ళ ఊపిరితిత్తిలో ఆల్క్ ఉండదు. ఉంటే ఒక్కటే అర్థం. క్రోమోజోములో ఒక ముక్క తిరగబడి, నిద్రలో ఉండాల్సిన ఆల్క్ జన్యువు ఇంకో జన్యువుకు అతుక్కుని మేలుకుంది. 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం కనిపెట్టిన సంగతి ఇది. ఈ క్యాన్సర్ రోగుల్లో నూటికి ముగ్గురు నుంచి అయిదుగురిలో కనబడుతుంది, ఎక్కువగా పొగ తాగనివాళ్ళలో, కాస్త చిన్న వయసువాళ్ళలో.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. కొన్ని గుర్తులు జబ్బు దారి చెబుతాయి. టీటీఎఫ్-1 అలాంటిది, మందు ఏదైనా గాలి ఎటు వీస్తోందో చూపిస్తుంది. విభజనలో ఉన్న కణాలెన్నో చెప్పే కేఐ-67 కూడా అంతే. ఇంకొన్ని మందు దారి చెబుతాయి. ఆల్క్ దానంతట అది మంచి వార్త కాదు, తగిన మందు చేతిలో ఉంటేనే మంచి వార్త. ఆ మందు లేని రోజుల్లో ఈ గోధుమరంగు ఎవరి ఆయుష్షూ పెంచలేదు. ఇప్పుడు అలెక్టినిబ్ ఉంది. అలెక్స్ అనే ట్రయల్‌లో ముదిరిన దశలోనే దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో అయిదేళ్ళకు 62.5 శాతం మంది బతికి ఉన్నారు. 7.9 నెలల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. స్కానూ అదే, దశా అదే.

రెండో సీసా సంగతి. బీడీల పెద్దాయన పి40 స్లైడు నిన్ననే వచ్చింది. స్క్వామస్. ఆయనకు చూడాల్సింది పీడీ-ఎల్1. క్యాన్సర్ కణం ఈ ప్రోటీన్‌ను తన పొరమీద కప్పుకుని, మీదికొచ్చిన రక్షకకణాన్ని చల్లబరుస్తుంది. రక్షకకణం మీద దానికి జతయిన పీడీ-1ను 1992లో కనిపెట్టిన తసుకు హోంజోకు 2018లో నోబెల్‌లో భాగం దక్కింది. నూటికి కనీసం యాభై కణాలకు ఈ రంగు ఉంటే, కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే మొదలెట్టవచ్చు. అలా ఇచ్చి కీమోతో పోల్చిన ట్రయల్‌లో అయిదేళ్ళకు మిగిలినవాళ్ళు 31.9 శాతం, కీమోతో మొదలెట్టినవాళ్ళలో 16.3. మందు ధర లక్షల్లో. అది ఇంకో బాధ.

కానీ లెక్క చెప్పాలంటే స్లైడులో కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలుండాలి. మేడమ్ మూలమూలా గాలిస్తారు. కణాల గోడలు చెదిరిపోయి, కేంద్రకాలు నీడల్లా మిగిలాయి. అక్కడక్కడ గోధుమరంగు కనబడుతుంది, దగ్గరికెళ్తే అవి మాక్రోఫేజులు, చెత్త ఊడ్చే కణాలు. వాటికీ ఈ రంగు అంటుతుంది, లెక్కలోకి తీసుకోకూడదు. చేతిలోని కౌంటరు 31 దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఇంకోసారి మొదటినుంచి చూస్తారు. మళ్ళీ ముప్పై చిల్లర.

"చాలదు," అని టైపు చేస్తారు. "ఇంకో బయాప్సీ అవసరం."

సాయంత్రం కౌంటర్ దగ్గర ఆ కొడుకు నిలబడి ఉన్నాడు. చేతిలో కవరు.

"మళ్ళీ ముక్క అంటే కష్టం మేడమ్. నాన్నకి ఆక్సిజన్ పెట్టారు నిన్న. పడుకోబెడితే ఊపిరాడట్లేదు. రక్తంలో చూడొచ్చంటున్నారుగా?"

"రక్తంలో డీఎన్ఏ మార్పులు చూడొచ్చు, నాన్నా. ఈ ప్రోటీన్ చూడలేం. దీనికి ముక్క కావాలి."

అతను తల ఊపాడు. తప్పు ఎక్కడ జరిగిందని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అతని కవరులో ఇంకో రిపోర్టు కూడా ఉంది, రక్తంలో సీఈఏ. పక్కన ఎర్రక్షరాలు. ఇలాంటి కాగితాలు పట్టుకుని వణికిపోతూ వచ్చేవాళ్ళు చాలామంది. సీఈఏ అనే ప్రోటీన్‌ను 1965లో మాంట్రియల్‌లో పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపెట్టారు. పొగతాగేవాళ్ళలో క్యాన్సర్ లేకపోయినా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు బాగా ఎక్కువున్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువనీ, మందు పనిచేస్తుంటే తగ్గుతుందనీ డాక్టర్లు గమనిస్తారు. తోడుగా చూడడానికి పనికొస్తుంది. దాని ఒక్కదాని మీద ఎవరి బతుకునూ తేల్చకూడదు.

శనివారం. రిపోర్టు వెంట ఆస్పత్రికి పదండి. ఓపీలో కుర్చీలన్నీ నిండాయి. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని సిస్టర్ పిలుస్తుంది. టీచరమ్మా భర్తా లేస్తారు. ఆమె నడిచేటప్పుడు రెండుసార్లు ఆగింది. గదిలో అయిదో మనిషిగా మీరు తలుపు దగ్గర ఉన్నారు.

డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీశారు. భర్త ముందుకు వంగి, "సార్, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టమంటారా?" అన్నాడు.

"నేనే వింటానండీ," అంది ఆమె. "పిల్లలకి మార్కులు నేనే చెప్తాను కదా. నా మార్కులు నన్ను విననివ్వండి. ఎన్నాళ్ళు?"

"టీచర్ గారూ, నాలుగో దశ. ఇది పూర్తిగా పోతుందని చెప్పలేను. కానీ మీ ముక్కలో ఒక ప్రోటీన్ దొరికింది. దానికి సరిపడే మందు ఉంది. సెలైన్ ఎక్కించడాలు లేవు. భోజనం చేసి పొద్దున నాలుగు, రాత్రి నాలుగు క్యాప్స్యూల్స్. మెదడులోకి కూడా వెళ్ళగల మందు. ఇలాంటివాళ్ళలో సగానికి మించి అయిదేళ్ళు దాటుతున్నారు."

"నేను ఆ సగంలో ఉంటానా?"

"అది ఏ స్లైడూ చెప్పదమ్మా. రెండు నెలల తర్వాత స్కాన్ చూసి ఇంకొంచెం చెప్పగలను."

ఆమె కొంగుతో నోరు అడ్డం పెట్టుకుని దగ్గింది. తర్వాత, "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం," అంది, ఎవరితోనో కాదు, బల్లతో. భర్త అప్పటికే గోడవైపు తిరిగిపోయాడు.

ల్యాబులో ఆమె రెండో బ్లాకు, ముట్టుకోనిది, ఇనుప సొరుగులోకి వెళ్ళింది. ఒకరోజు ఈ మందుకు గడ్డ అలవాటుపడితే, మొదట్లో అది ఎలా ఉండేదో పోల్చడానికి దాన్ని మళ్ళీ తీస్తారు.

మీకిప్పుడు ఆ కోటుతో పని లేదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ముక్క తీయాల్సి వస్తే, డబ్బాలో ఉన్నది ఫార్మలినేనా అని అడగండి, సిగ్గుపడకుండా. మనిషి పరిస్థితి ఆగేలా ఉంటే, మొదటి కీమోకు ముందే ఈజీఎఫ్ఆర్, ఆల్క్, పీడీ-ఎల్1 ఫలితాలు వచ్చాయా అని అడగండి. వేరే ఆస్పత్రికి మారుతుంటే సంతకం పెట్టి బ్లాకు తెచ్చుకోండి. కోసిపెట్టిన స్లైడ్లు నెలలు గడిస్తే బలం కోల్పోతాయి, బ్లాకు ఏళ్ళు నిలుస్తుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం పెట్టకండి, మే నెల వేడికి మైనం కరుగుతుంది. బ్లాకు నెంబరు సాధారణంగా రిపోర్టు మొదటి పేజీలోనే ఉంటుంది. ఈ రోజే చూసి రాసిపెట్టుకోండి.